ఇంట్లోనే హోలోగ్రామ్ తీయడం ఎలా? ప్లేటు ఖాళీగా రాకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి?

"అన్నీ చెప్పినట్టే చేశాను. లేజర్ బాగానే వెలిగింది. ప్లేటు కడిగాను, ఆరబెట్టాను. తీరా చూస్తే అందులో ఏమీ లేదు. ఎందుకు?"

హోలోగ్రఫీ, అంటే వస్తువు లోతుతో సహా కనిపించే బొమ్మను లేజర్‌తో తీయడం, మొదలుపెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ప్లేటు (కాంతికి స్పందించే పూత ఉన్న గాజుపలక) ఖాళీగా రాగానే చాలామంది తప్పు లేజర్‌దనో, కెమికల్స్‌దనో అనుకుని కొత్తవి తెప్పించుకుంటారు. వాటితోనూ అదే ఫలితం. అసలు కారణం చాలావరకు ఒక్కటే: ఎక్స్‌పోజర్ జరుగుతున్నప్పుడు, అంటే ప్లేటు మీద లేజర్ కాంతి పడుతున్నప్పుడు, ఏదో కదిలింది. ఆ కదలిక కంటికి కనిపించేది కాదు. తలవెంట్రుక మందంలో నాలుగువందల వంతు కదిలినా చాలు, బొమ్మ పడదు. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ చోటు ఆ కదలికను పట్టుకోవడానికే ఇస్తున్నాను. మిగతా పనంతా దాంతో పోలిస్తే తేలికే.

ఇక్కడ చెప్పేది ఒకే కిరణంతో తీసే రిఫ్లెక్షన్ హోలోగ్రామ్ (ముందు నుంచి వెలుగు వేసి చూసే రకం). సోవియట్ శాస్త్రవేత్త యూరీ డెనిస్యుక్ 1962లో ప్రచురించిన పద్ధతి ఇది. అద్దాలు, లెన్సులు, కిరణాన్ని రెండుగా చీల్చే పరికరాలు ఏవీ అక్కర్లేదు. తయారైన బొమ్మను చూడటానికి లేజర్ కూడా అక్కర్లేదు, టార్చి వెలుగు చాలు. మొదటిసారి చేసేవాళ్లు వేరే పద్ధతి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఫోన్ మీద ప్లాస్టిక్ పిరమిడ్ పెట్టి చూపించే వీడియోలు హోలోగ్రామ్‌లు కావు. అది వట్టి ప్రతిబింబం. మీకు కావలసింది అదే అయితే ఇక్కడితో ఆపేయవచ్చు.

కాస్త సిద్ధాంతం, పనికి అవసరమైనంత వరకే

మామూలు ఫోటో కాంతి ఎంత పడిందో మాత్రమే రాసుకుంటుంది. ఆ కాంతి తరంగం ఏ దశలో (ఫేజ్, అంటే తన ఎత్తుపల్లాల్లో ఏ చోట ఉండగా) వచ్చిందో ఫిల్మ్‌కి తెలియదు. లోతుకు సంబంధించిన సమాచారమంతా ఆ దశలోనే ఉంటుంది. దీనికి 1947లో డెనిస్ గాబర్ ఒక ఉపాయం కనిపెట్టారు. వస్తువు మీంచి వచ్చే కాంతికి, అదే దీపం నుంచి నేరుగా వచ్చే మరో కాంతిని జోడించాలి. రెండూ కలిసినచోట వ్యతికరణ పట్టీలు, అంటే వెలుగు చీకటి చారలు, ఏర్పడతాయి. దశ తేడాలన్నీ ఆ పట్టీలు ఎక్కడ పడ్డాయన్న దానిలోకి మారిపోతాయి. దాన్ని ఫిల్మ్ రాసుకోగలదు. తర్వాత ఆ పట్టీల మీద మళ్లీ కాంతి వేస్తే, అది వివర్తనం చెంది, అంటే ఆ పట్టీల వల్ల దారి మళ్లి, మొదటి తరంగంలాగే బయటికొస్తుంది. మీ కంటికి వస్తువు అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పటికి లేజర్ లేదు. 1960లో లేజర్ వచ్చాకే ఈ ఆలోచనకు అసలు బలం వచ్చింది. గాబర్‌కి 1971లో నోబెల్ బహుమతి దక్కింది.

దీని నుంచి మీ బల్ల మీద పాటించాల్సిన మూడు షరతులు పుడతాయి.

కాంతి సంబద్ధంగా ఉండాలి, అంటే దాని తరంగాలు ఒకదానితో ఒకటి లయ తప్పకుండా సాగాలి. నేరుగా వచ్చిన కాంతి, వస్తువును తాకి వచ్చిన కాంతి ప్రయాణించిన దూరాల మధ్య తేడా లేజర్ సంబద్ధ దైర్ఘ్యం (ఆ లయ నిలిచే దూరం) కంటే తక్కువ ఉండాలి. మన పద్ధతిలో కాంతి ప్లేటును దాటి, వస్తువును తాకి, వెనక్కి వస్తుంది. అంటే వస్తువు లోతుకు సుమారు రెండింతల తేడా వస్తుంది. సంబద్ధ దైర్ఘ్యం 10 సెం.మీ. అయితే ప్లేటు నుంచి 5 సెం.మీ. దాటిన భాగం బొమ్మలో పడదు.

పట్టీలు నిలకడగా ఉండాలి. ఎర్ర లేజర్‌తో తీసే రిఫ్లెక్షన్ హోలోగ్రామ్‌లో పట్టీకి పట్టీకి మధ్య దూరం సుమారు 0.2 మైక్రోమీటర్లు. ఎక్స్‌పోజర్ మధ్యలో అవి సగం జరిగితే వెలుగున్న చోట చీకటి, చీకటున్న చోట వెలుగు పడి మొత్తం చెరిగిపోతాయి.

ఇక ఫిల్మ్. అంత సన్నటి పట్టీలను అది పట్టుకోగలగాలి. అంటే మిల్లీమీటరుకు 4,000కు పైగా గీతలు. కెమెరాల్లో వాడే మామూలు ఫిల్మ్ దీనికి ఏమాత్రం సరిపోదు. "ఇంట్లో పాత రోల్ ఉంది, వాడొచ్చా?" అని అడిగేవాళ్లకు జవాబు: వద్దు, వృథా.

ఏమేం కావాలి

- 635 నుంచి 660 నానోమీటర్ల మధ్య ఉండే ఎర్ర లేజర్ డయోడ్, 3 నుంచి 5 మిల్లీవాట్లు. దాని ముందున్న లెన్స్ ఊడదీయడానికి వీలుండాలి. కరెంటును నియంత్రించే డ్రైవర్ సర్క్యూట్ ఉండాలి. డయోడ్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే క్షణంలో కాలిపోతుంది.
- ఎరుపుకు స్పందించే హోలోగ్రఫీ ప్లేట్లు. సిల్వర్ హాలైడ్ రకం (వెండి లవణాల పూత ఉన్నది, కెమికల్స్‌తో కడగాలి), లేదా కడగనక్కర్లేని ఫోటోపాలిమర్ రకం.
- సిల్వర్ హాలైడ్ అయితే ఆ ప్లేటుకు సరిపడే డెవలపర్, బ్లీచ్ కిట్, మూడు ట్రేలు, గ్లౌజులు, కళ్లద్దాలు.
- బరువైన రాతి పలక లేదా ఇనుప పలక. దాని కింద పెట్టడానికి సగం గాలి నింపిన సైకిల్ ట్యూబ్.
- మసక ఆకుపచ్చ లైటు.
- నల్ల అట్టముక్క. అదే మీ షట్టర్.
- అంతా కప్పేంత పెద్ద అట్టపెట్టె.
- చిన్న అద్దాలు రెండు, పలుచటి గాజుముక్క ఒకటి, చిన్న భూతద్దం ఒకటి. ఇవి హోలోగ్రామ్‌కి కాదు, పరీక్షకి.

గ్రీన్ పాయింటర్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. చవక గ్రీన్ పాయింటర్లు ఒకేసారి చాలా దగ్గరదగ్గర పౌనఃపున్యాలను వెలువరిస్తాయి. దాంతో సంబద్ధ దైర్ఘ్యం బాగా పడిపోతుంది. పైగా వాటిలో కొన్నింటి నుంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కూడా బయటికొస్తుంది, అది కంటికి ప్రమాదం. ఎరుపుతోనే మొదలుపెట్టండి.

లేజర్ విషయంలో హెచ్చరిక: లెన్స్ ఉన్నంతవరకూ 5 మిల్లీవాట్ల కిరణం కూడా రెటీనాను దెబ్బతీయగలదు. కిరణాన్ని ఎప్పుడూ కంటి ఎత్తులో ఉంచకండి. చేతికి గడియారం, ఉంగరం ఉంటే తీసేయండి, వాటి మీద పడి ఎటు తిరుగుతుందో చెప్పలేం. లెన్స్ తీశాక కాంతి పరుచుకుని ప్రమాదం తగ్గుతుంది కానీ, డయోడ్‌ను దగ్గర నుంచి చూడటం అప్పుడూ తప్పే.

వస్తువు ఎంపిక

మొదటి ప్లేటుకు నాణెం వాడండి. మాట వినండి. నాణెం గట్టిది, బరువైనది, మెరుస్తుంది, లోతు తక్కువ. ప్లేటును దాని మీదే ఆనించవచ్చు, కాబట్టి రెండూ విడివిడిగా కదిలే అవకాశం తగ్గుతుంది. తర్వాత గవ్వ, పింగాణీ బొమ్మ, తాళంచెవి ఇలా వెళ్లొచ్చు.

వాడకూడనివి: ఆకులు, పువ్వులు, పండ్లు, గుడ్డ, కాగితం, మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు. ఇవన్నీ కదలకుండా ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ ఆకు వాడుతూ ఉంటుంది, కాగితం గాలిలోని తేమకు సాగుతుంది. రంగు కూడా చూసుకోవాలి. ఎర్ర లేజర్ కింద నీలం, ఆకుపచ్చ వస్తువులు నల్లగా మారిపోతాయి. ముందే లేజర్ వెలుగులో పెట్టి చూడండి. అక్కడ ప్రకాశంగా కనిపించేదే హోలోగ్రామ్‌లో ప్రకాశంగా వస్తుంది.

దశ 1: బల్ల సిద్ధం చేయడం

నేల మీదే ఏర్పాటు చేసుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు. పై అంతస్తు కన్నా కింది అంతస్తు నయం. చెక్క బల్ల కన్నా సిమెంటు నేల నయం. సగం గాలి నింపిన ట్యూబ్ మీద బరువైన పలక పెట్టండి. ట్యూబ్‌ను గట్టిగా నింపితే అదిరే నేలకూ పలకకూ మధ్య అది ఉన్నా లేనట్టే. వేలితో నొక్కితే మెత్తగా దిగాలి, అలాగని పలక ఎక్కడా నేలకు తగలకూడదు.

లేజర్, వస్తువు, ప్లేటు మూడూ ఆ ఒక్క పలక మీదే ఉండాలి. లేజర్‌ను గోడకున్న అలమరా మీద, వస్తువును కింద పెట్టి "నా బల్ల చాలా గట్టిది" అని రాసేవాళ్లున్నారు. గోడ ఒక రకంగా, పలక ఇంకో రకంగా కదిలితే బల్ల ఎంత గట్టిదైనా లాభం లేదు.

ఫ్యాన్, ఏసీ ఆపేయండి. ఫ్రిజ్ మోటారు నడుస్తున్నప్పుడు పక్క గదిలో ఉన్నా ప్రభావం ఉంటుంది. వీధిలో బండ్లు తగ్గే రాత్రివేళ మేలు.

దశ 2: కదలికను కళ్లారా చూడటం

చాలామంది ఈ దశ వదిలేస్తారు. ప్లేట్లు వృథా అయ్యేది ఇందుకే. మైకెల్సన్ వ్యతికరణమాపకం అనే చిన్న ఏర్పాటు చేస్తే మీ బల్ల ఎంత కదులుతోందో గోడ మీద కనిపిస్తుంది. డయోడ్ లెన్స్ ఊడదీయకముందే దీన్ని చేయండి.

1. పలక మీద లేజర్‌ను అడ్డంగా పెట్టండి. కిరణానికి ఎదురుగా గాజుముక్కను 45 డిగ్రీల వంపులో నిలబెట్టండి. కొంత కాంతి గాజును దాటి ముందుకు పోతుంది, కొంత పక్కకు తిరుగుతుంది.
2. రెండు దారుల చివరా చెరో అద్దం పెట్టండి. గాజు నుంచి రెండు అద్దాలకూ దూరం ఒకేలా, సుమారు 15 సెం.మీ. ఉండనివ్వండి. అద్దాలను బరువైన దిమ్మలకు అంటించండి. చేత్తో నిలబెట్టి ఆనించినవి పనికిరావు.
3. రెండు అద్దాల నుంచి తిరిగి వచ్చిన కాంతి గాజు దగ్గర కలిసి నాలుగో వైపుకు వెళ్తుంది. అక్కడ తెల్ల కాగితం మీద రెండు చుక్కలు కనిపిస్తాయి. గాజుకున్న రెండు ముఖాల వల్ల మసకగా ఇంకొన్ని చుక్కలు కూడా కనిపించవచ్చు, వాటిని పట్టించుకోకండి. ఒక అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రధాన చుక్కలు రెండింటినీ ఒకదాని మీదికి ఇంకొకటి తీసుకురండి.
4. కాగితానికి ముందు చిన్న భూతద్దం పెట్టి ఆ చుక్కను పెద్దది చేయండి. వెలుగు చీకటి పట్టీలు కనిపించాలి. కనిపించకపోతే చుక్కలు ఇంకా పూర్తిగా కలవలేదన్నమాట.

ఇక ఆ పట్టీలను గమనించండి. పలకను వేలితో ఒకసారి తట్టండి. పట్టీలు మాయమై, కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ నిలబడతాయి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. గదిలో నడవండి, మాట్లాడండి, ఒక దారి కింద చెయ్యి చాపండి. చేతి వేడికి గాలి పైకి లేస్తుంటే పట్టీలు వంకర్లు పోవడం స్పష్టంగా తెలుస్తుంది. అది చూశాక ఎక్స్‌పోజర్ సమయంలో గదిలో గట్టిగా ఊపిరి తీయడానికి కూడా వెనకాడతారు.

పట్టీల తీరును బట్టి జబ్బు తెలుస్తుంది:

- సన్నగా వణుకుతుంటే కంపనం. ట్యూబ్ గాలి సరిచేయండి, మోటార్లు ఆపండి.
- మెల్లగా ఒకే వైపు జారుతుంటే ఉష్ణోగ్రత మారుతోంది. గంటసేపు వదిలేయండి.
- అలల్లా వంగుతుంటే గాలి. అట్టపెట్టె కప్పండి.
- ఉన్నట్టుండి ఎగిరి వేరే చోట పడుతుంటే లేదా ఒక్కసారిగా చెదిరిపోతుంటే, తప్పు లేజర్‌ది. అది ఒక పౌనఃపున్యం నుంచి ఇంకోదానికి దూకుతోంది. ఇంకాస్త వేడెక్కనివ్వండి, అప్పటికీ ఆగకపోతే వేరే డయోడ్ చూసుకోవాల్సిందే.

చీకటి పట్టీ ఒకదాని మీద పెన్సిల్‌తో గీత గీయండి. మీ ఎక్స్‌పోజర్‌కు పట్టేంత సేపట్లో పట్టీ తన వెడల్పులో పావు వంతు కూడా జరగకపోతే బల్ల సిద్ధం. అంతకంటే జరుగుతుంటే ప్లేటు డబ్బా తెరవకండి.

ఇదే ఏర్పాటుతో సంబద్ధ దైర్ఘ్యం కూడా కొలవొచ్చు. ఒక అద్దాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ, చుక్కలను మళ్లీ కలుపుతూ వెళ్లండి. పట్టీలు దాదాపు కనిపించకుండా పోయే చోట, జరిపిన దూరానికి రెండింతలే మీ లేజర్ సంబద్ధ దైర్ఘ్యం.

దశ 3: లేజర్‌ను అమర్చడం

1. డయోడ్ లెన్స్ తీసేయండి. కాంతి దానంతటదే అండాకారంలో పరుచుకుంటుంది. దుమ్ము పట్టే లెన్స్ లేదు కాబట్టి బొమ్మ మీద వలయాలు, మచ్చలు పడవు.
2. డయోడ్‌ను ప్లేటు ఉండబోయే చోటికి సుమారు 40 సెం.మీ. దూరంలో, పైనుంచి వాలుగా కాంతి పడేలా గట్టి స్టాండుకు బిగించండి. ప్లేటుకు లంబంగా ఉన్న గీత నుంచి 45 నుంచి 55 డిగ్రీల కోణం ఉండాలి.
3. ప్లేటు స్థానంలో మామూలు గాజుముక్క పెట్టి, గోడ మీద పడే దాని ప్రతిబింబం చూడండి. డయోడ్‌ను దాని అక్షం మీద మెల్లగా తిప్పండి. ఒకచోట ఆ ప్రతిబింబం బాగా మసకబారుతుంది. అక్కడే బిగించేయండి. అండాకారం పొడుగు వైపు అడ్డంగా వచ్చినప్పుడు సాధారణంగా ఇది జరుగుతుంది. దీనివల్ల గాజు లోపలి ప్రతిబింబాలు తగ్గి, బొమ్మ మీద చెక్క గీతల్లాంటి చారలు పడవు.
4. కనీసం 15 నిమిషాలు వెలిగించి ఉంచండి. ఆ తర్వాత ఎక్స్‌పోజర్ అయ్యేదాకా ఆర్పకండి. కాంతిని ఆపాల్సినప్పుడు నల్ల అట్ట అడ్డం పెట్టండి, స్విచ్ ముట్టుకోకండి.

దశ 4: ఎంతసేపు?

లెక్క సులువు. ప్లేటుకు కావలసిన శక్తిని, దాని మీద పడే తీవ్రతతో భాగించండి. 5 మిల్లీవాట్ల కాంతి సుమారు 10 సెం.మీ. వ్యాసమున్న వృత్తమంత మేర పరుచుకుందనుకుందాం. వైశాల్యం 78.5 చదరపు సెం.మీ. అంటే చదరపు సెం.మీ.కు సుమారు 64 మైక్రోవాట్లు. అప్పుడు:

- చదరపు సెం.మీ.కు 100 మైక్రోజౌళ్లు అడిగే ప్లేటుకు సుమారు ఒకటిన్నర సెకను
- 1,500 మైక్రోజౌళ్లు అడిగే సన్నరేణువుల ప్లేటుకు సుమారు 24 సెకన్లు
- 20 మిల్లీజౌళ్లు అడిగే ఫోటోపాలిమర్‌కు 5 నిమిషాలకు పైనే

ఇది మొదటి అంచనా మాత్రమే. వెలుగు మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉంటుంది. మీ ప్లేటుకు ఎంత శక్తి కావాలో డబ్బాతో వచ్చిన కాగితంలో ఉంటుంది. అనుమానమైతే అంచనా వేసిన సమయంలో సగం, పూర్తి, రెండింతలు చొప్పున మూడు చిన్న ముక్కలు తీసి పోల్చండి.

ఇక్కడే ఎంపిక సమస్య వస్తుంది. ఫోటోపాలిమర్‌తో కెమికల్స్ గొడవ లేదు, కానీ ఐదు నిమిషాలు కదలకూడదు. సిల్వర్ హాలైడ్‌తో సెకన్లలో పని అయిపోతుంది, కానీ చీకట్లో ట్రేలతో తంటాలు పడాలి. దశ 2లో మీ పట్టీలు ఐదు నిమిషాలు నిలబడితే ఫోటోపాలిమర్. నిలబడకపోతే సిల్వర్ హాలైడ్. కెమికల్స్ అంటే భయంతో ఫోటోపాలిమర్ ఎంచుకుని, నిలకడలేని బల్ల మీద పెట్టి దెబ్బతినేవాళ్లే ఎక్కువ.

దశ 5: ఎక్స్‌పోజర్

1. అన్ని లైట్లూ ఆర్పి, మసక ఆకుపచ్చ లైటు మాత్రం దూరంగా, గోడవైపు తిప్పి ఉంచండి.
2. నల్ల అట్టను లేజర్ ముందు నిలబెట్టండి.
3. ప్లేటు తీసి, ఎమల్షన్ (కాంతికి స్పందించే పూత) ఏ వైపు ఉందో చూడండి. తడి చేసిన వేలితో ఒక మూలన తాకితే జిగురుగా తగిలేదే ఎమల్షన్ వైపు. ఆ వైపును నాణెం మీదికి ఉండేలా ఆనించండి. ప్లేటు ఊగకూడదు. ఊగుతుంటే పక్కన అదే ఎత్తున్న మరో రెండు నాణేలు పెట్టి మూడింటి మీద ఆనించండి.
4. అట్టపెట్టె కప్పండి. లోపల పెట్టిన అట్టను కదపడానికి వీలుగా పక్కన సందు ఉంచుకోండి.
5. ఆగండి. చేత్తో ముట్టుకున్న ప్రతిదీ కాస్త వేడెక్కి ఉంటుంది, వంగి ఉంటుంది. కనీసం ఐదు నిమిషాలు, ప్లేటు పెద్దదైతే పది నిమిషాలు. కుర్చీలో కూర్చోండి, ఫోన్ వెలిగించకండి.
6. షట్టర్ రెండంచెల్లో తీయాలి. ముందు అట్టను పలక మీంచి కొద్దిగా పైకెత్తండి, కానీ కాంతికి అడ్డంగానే చేత్తో పట్టుకుని ఉంచండి. ఎత్తినప్పుడు పుట్టిన కుదుపు చల్లారేదాకా ఆగండి. ఎంతసేపన్నది దశ 2లో రాసుకున్నారు కదా, దానికి రెండింతలు. అప్పుడు అట్టను పూర్తిగా పక్కకు తీయండి.
7. సమయం అయ్యాక అట్టను మళ్లీ అడ్డం పెట్టండి.

దశ 6: కడగడం

ఫోటోపాలిమర్ అయితే ఈ దశ లేదు. చాలా రకాలకు చివర్లో కాసేపు తెల్లటి వెలుగు తగలనిస్తే చాలు.

సిల్వర్ హాలైడ్‌కి కిట్ కాగితంలో ఉన్న సమయాలే పాటించండి. ఒక కంపెనీ ప్లేటుకు ఇంకో కంపెనీ సమయాలు కుదరవు. గ్లౌజులు తప్పనిసరి, డెవలపర్లలో ఉండే మెటాల్ వల్ల చర్మానికి ఎలర్జీ రావచ్చు, కొన్నింటిలో ఉండే సోడియం హైడ్రాక్సైడ్ కాలుస్తుంది. క్రమం ఇది: డెవలపర్, నీళ్లు, బ్లీచ్, నీళ్లు, చివరగా నీటిమరకలు పడకుండా చేసే ద్రావణం. డెవలపర్‌లో ప్లేటు నల్లబడాలి. బ్లీచ్‌లో ఆ నలుపంతా పోయి పారదర్శకంగా మారాలి. నలుపు పోయాక లైటు వేసుకోవచ్చు.

ఇక్కడొక ముఖ్యమైన విషయం. తడిగా ఉన్నప్పుడు ప్లేటులో బొమ్మ కనిపించదు. నీళ్లు పీల్చుకుని ఎమల్షన్ ఉబ్బి ఉంటుంది, పట్టీల మధ్య దూరం పెరిగిపోయి ఉంటుంది. చూసి టెన్షన్ పడి పారేసినవాళ్లు ఉన్నారు. నిలువుగా ఆనించి పూర్తిగా ఆరనివ్వండి. ఆరుతున్న కొద్దీ ఒక అంచు నుంచి బొమ్మ తేలుతుంది. ఎరుపుతో తీసినా నారింజగానో, పసుపుగానో, ఆకుపచ్చగానో కనిపిస్తే కంగారు వద్దు. ఎమల్షన్ మొదటికన్నా కాస్త కుంచించుకుపోయింది, అంతే.

ఫలితం చూసేదెలా

ఒకే బల్బు ఉన్న ఎల్‌ఈడీ టార్చి, లేదా ఎండ. ట్యూబ్‌లైటు కింద చూస్తే అంతా మసకే, ఎందుకంటే అది ఒక బిందువు నుంచి వచ్చే కాంతి కాదు. లేజర్ ఏ వైపు నుంచి ఏ కోణంలో పడిందో టార్చిని అక్కడే పట్టుకోండి. వెనక నల్ల కాగితం పెట్టండి. బొమ్మ కనిపించకపోతే ప్లేటును మెల్లగా అన్ని వైపులకూ వంచి చూడండి, తర్వాత తిప్పి చూడండి. తలను పక్కకు జరిపినప్పుడు నాణెం అంచు వెనకది కనిపిస్తుంటే సరిగ్గా వచ్చినట్టు. లోతు తలకిందులై, దగ్గరగా ఉండాల్సింది దూరంగా కనిపిస్తుంటే ప్లేటును వెనక్కి తిప్పి పట్టుకున్నారన్నమాట.

తేడా వస్తే: ప్లేటే చెబుతుంది

*ప్లేటు డెవలపర్‌లో నల్లబడనే లేదు.* కాంతి చాలలేదు, లేదా డెవలపర్ పాతబడింది. సమయం రెండింతలు చేయండి.

*బాగానే నల్లబడింది, బొమ్మ మాత్రం లేదు.* కదలిక. మళ్లీ దశ 2.

*నాణెం ఉండాల్సిన చోట నాణెం ఆకారంలో నల్లటి రంధ్రం, చుట్టూ ఉన్న పీఠం మాత్రం స్పష్టంగా ఉంది.* ఇది చాలా పనికొచ్చే తప్పు. లేజర్, ప్లేటు, కెమికల్స్, బల్ల అన్నీ బాగున్నాయని రుజువైంది. కదిలింది ఆ వస్తువొక్కటే. దాన్ని అంటించండి. జిగురు పూర్తిగా గట్టిపడేందుకు రాత్రంతా వదిలేయండి. సగం ఆరిన జిగురు కుంచించుకుంటూ వస్తువును లాగుతుంది.

*వస్తువు మీద నల్లటి అడ్డచారలు.* వస్తువు గానీ ప్లేటు గానీ కొద్దిగా వంగింది లేదా ఒరిగింది. ఒక్కో చార దగ్గర కదలిక సరిగ్గా పట్టీలు చెరిగేంత అయింది. చారలు ఎక్కువుంటే కదలిక ఎక్కువ. కానీ ఆ చారలు ఒకే లోతులో ఉన్న చోట్లన్నిటా పడుతూ, దగ్గరున్న భాగాలు బాగుండి, కొంత లోతు దాటాక బొమ్మ ఆరిపోతుంటే అది లేజర్ సంబద్ధత సమస్య. లోతు తక్కువున్న వస్తువు వాడండి.

*చెక్క మీది గీతల్లాంటి వంకర చారలు.* గాజు లోపలి ప్రతిబింబాలు. దశ 3లో డయోడ్ తిప్పే పని సరిగ్గా చేయలేదు.

*ప్లేటంతా ఒకేలా మసకబారింది.* మీ ఆకుపచ్చ లైటుదే తప్పు కావచ్చు. పరీక్ష సులువు: ఒక ప్లేటు ముక్క మీద నాణెం పెట్టి, ఆ లైటు కింద ఐదు నిమిషాలు ఉంచి, డెవలప్ చేయండి. నాణెం గుర్తు పడితే ఆ లైటు పనికిరాదు. ఇంకా దూరంగా పెట్టండి, లేదా వెలుగు తగ్గించండి.

ఒక్కో ప్లేటుకు ఒక్కటే మార్చండి. సమయం, కోణం, వస్తువు మూడూ ఒకేసారి మార్చి, బొమ్మ వచ్చినా రాకపోయినా ఎందుకో చెప్పలేని పరిస్థితి తెచ్చుకోకండి. ప్లేటు అంచున నంబరు రాసుకోవడం కూడా మర్చిపోకండి.

ఎంత చేసినా బల్ల నిలవకపోతే

అప్పుడు ట్రాన్స్‌మిషన్ హోలోగ్రామ్ (ప్లేటు వెనక నుంచి వెలుగు వేసి చూసే రకం) ప్రయత్నించండి. 1960ల మొదట్లో ఎమ్మెట్ లీత్, జూరిస్ ఉపాట్నిక్స్ రూపొందించిన వాలు కిరణం పద్ధతికి ఇది సులువైన రూపం. ప్లేటును నిలువుగా నిలబెట్టండి. ఎమల్షన్ వైపు లేజర్‌కు ఎదురుగా ఉండాలి. లేజర్ కాంతిలో సగం నేరుగా ప్లేటు మీద, మిగతా సగం పక్కనున్న వస్తువు మీద పడి అక్కడినుంచి ప్లేటుకు చేరాలి. రెండూ ప్లేటుకు ఒకే వైపు నుంచి వస్తాయి. వాటి మధ్య కోణం 30 డిగ్రీలుంటే పట్టీల మధ్య దూరం సుమారు 1.2 మైక్రోమీటర్లు అవుతుంది. రిఫ్లెక్షన్‌తో పోలిస్తే ఆరింతలు వెడల్పు. ప్లేటు కాస్త అటూఇటూ అయినా ఓర్చుకుంటుంది. వస్తువు కదలికను మాత్రం ఇదీ సహించదు.

దారుల పొడవు సరిచూడటానికి దారం వాడండి. లేజర్ నుంచి ప్లేటు మధ్యకు ఒక దారం, లేజర్ నుంచి వస్తువు మీదుగా ప్లేటు మధ్యకు ఇంకో దారం. రెండింటి తేడా మీరు కొలిచిన సంబద్ధ దైర్ఘ్యంలో సగం దాటకుండా చూసుకోండి. నేరుగా పడే కాంతి వస్తువు నుంచి వచ్చేదానికి మూడు నుంచి పదింతలు ఉండాలి. అది చూడటానికి ప్లేటు చోట తెల్ల కాగితం పెట్టి, ఒక్కో దారినీ చేత్తో మూసి పోల్చుకుంటే చాలు.

దీన్ని చూడటానికి లేజర్ తప్పనిసరి. లెన్స్ తీసిన అదే డయోడ్‌ను, అదే దూరంలో, అదే కోణంలో ప్లేటు వెనక నుంచి వేయండి. మీరు చూడాల్సింది వస్తువు ఉండిన వైపు మాత్రమే. డయోడ్ నేరుగా కంట్లో పడే దిశలో నల్ల అట్ట ఒకటి అడ్డం పెట్టుకున్నాకే తల వంచి ప్లేటులోంచి చూడండి.